గొలుసుకు అందని ఎండ

సంపాదకులు గారికి నమస్కారం.

మాది బల్లార్షా, చంద్రపూర్ జిల్లా. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి ఇక్కడి కాగితం మిల్లులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. మా గల్లీలో ఎవరింటికి వెళ్లినా ఇదే వరస. కాగజ్‌నగర్ వైపు నుంచి రైల్లో మీ పత్రిక వచ్చేసరికి కాస్త పొద్దెక్కుతుంది. నేను చదివాక ఇంకో మూడిళ్లు తిరుగుతుంది. మా కాలనీవాళ్ల కళ్లబడాలనే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

మా దగ్గర కోతుల బెడద ఉంది. దాన్ని తక్కువ చేసి చెప్పను. ఇంటి పెంకులు లేపుతాయి, నీళ్ల ట్యాంకు మూతలు తీసి అందులో దిగుతాయి, డిష్ వైర్లు పట్టుకుని ఊగుతాయి. మా పక్కింటి కోడలు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే మీదికి వచ్చాయి. ఆ పిల్ల వెనక్కి వెనక్కి జరిగి మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. దాంతో కాలనీ పెద్దలు ఇంటికి 100 రూపాయల చొప్పున పోగు చేసి, ఒక మనిషిని మాట్లాడి, దాన్ని చూస్తే కోతులు భయపడి పోతాయని కొండముచ్చును తెప్పించారు. మేం కొండెంగ అంటాం. సంక్రాంతి వెళ్లిన వారానికి అది వచ్చింది. హనుమాన్ గుడి వెనక గోడ దగ్గర ఇనుప మేకు పాతి, ఆరడుగుల గొలుసుతో కట్టారు. ఇంకా ఎదిగీ ఎదగని వయసు. మెడ చుట్టూ పట్టీ ఉన్న చోట వెంట్రుక ఊడి చర్మం ఎర్రగా కనిపిస్తోంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, వార్ధా నది ఒడ్డు ఊరు కాబట్టి మాకు తెల్లవారుజామున ఇంకా దుప్పటి కావాలి. నేను ఆరున్నరకు నడకకు పోతాను. గుడి వెనక గోడ తూర్పు వైపు ఉంది. ఎనిమిదిన్నర దాకా మేకు ఉన్న చోట గోడ నీడే. గోడ అయిపోయే మూల దగ్గర మాత్రం ఎండ ఓ చారలా పడుతుంది. ఆ కొండెంగ గొలుసు మొత్తం సాగేదాకా ఆ మూలకు జరిగి, మెడ పక్కకు వంచి కూర్చుంటుంది. సగం ముఖానికి, ఒక భుజానికి మాత్రం ఎండ తగులుతుంది. తర్వాత చెయ్యి చాపి అరచేయి ఎండలో పెడుతుంది. నల్లటి అరచేయి, నిండా గీతలు. కాసేపటికి ఆ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని రెండోది చాపుతుంది. వారం రోజులు చూశాను. ప్రతిరోజూ అంతే.

ఆ కూర్చోవడం నేను ఇంతకుముందు చూశాను. ఇక్కడ కాదు, ఆఫ్రికాలో.

2009 నుంచి 2014 దాకా నేను జాంబియా దేశంలో, చింగోలా అనే ఊళ్లో రాగి గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. మన బొగ్గు గనుల్లో పని నేర్చినవాళ్లు ఆ రోజుల్లో అటు వెళ్లేవాళ్లు. చింగోలాకు పడమరగా 60 కిలోమీటర్ల పైన, సోల్వెజీ రోడ్డు దిగి మట్టి బాటలో పోతే, కఫూయె నది పక్కన చింఫున్షీ అనే చోటు ఉంది. వేటగాళ్ల చేతిలోంచి, సంతల్లోంచి, సర్కసుల్లోంచి విడిపించిన చింపాంజీలను అక్కడ ఉంచుతారు. దాన్ని మొదలుపెట్టినవాళ్లు డేవిడ్ సిడిల్, షీలా సిడిల్ అనే దంపతులు. వాళ్లు పశువులు పెంచుకునే రైతులు. 1983లో ఒక అటవీ ఉద్యోగి, గాయాలతో చావుబతుకుల్లో ఉన్న ఒక చింపాంజీ పిల్లను తెచ్చి వాళ్ల చేతిలో పెట్టాడు. ‘పాల్’ అని పేరు పెట్టి సాకారు. ఆ పిల్ల బతికింది. ఇక ఎక్కడ ఏ పిల్ల దొరికినా వాళ్ల దగ్గరికే తేవడం మొదలైంది. నేను వెళ్లే నాటికి అక్కడ 100కు పైగా ఉండేవి.

జాంబియా అడవుల్లో అసలు చింపాంజీలే లేవు. సరిహద్దు అవతల కాంగోలో పట్టి, ఇటు దాటిస్తూ దొరికిపోయినవే చాలావరకు. పిల్లను పట్టాలంటే తల్లిని చంపాలి. తల్లికి అడ్డం వచ్చిన తోటివాటినీ చంపాలి. చింపాంజీ తల్లి బిడ్డను ఊరికే వదలదు మరి. ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గొడవ అనుకోవద్దు. 2019లో కోల్‌కతాలో ఒక స్మగ్లరు దగ్గర దొరికిన 3 చింపాంజీలను, 4 మార్మోసెట్ కోతులను ఈడీ వాళ్లు ఆస్తుల కింద జప్తు చేశారు. వాటిని అలీపూర్ జూలో ఉంచారు. కొనేవాడు మన దేశంలో ఉన్నాడు కాబట్టే అవి ఇంత దూరం వచ్చాయి.

నన్ను అక్కడికి మొదట తీసుకెళ్లింది గనిలో నాతో పనిచేసే స్థానికుడు. అక్కడ అడవినే పెద్ద పెద్ద ముక్కలుగా చేసి చుట్టూ కరెంటు కంచె కట్టారు. వాటిల్లో పెద్దది 190 ఎకరాలు. సెకనుకు ఒకసారి టక్, టక్ అంటూ తీగలోకి పల్స్ పోతుంది. అది ప్రాణం తీసే కరెంటు కాదు, ఝాడించి వదిలే రకం. కరెంటు పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఎండాకాలం రాగానే నేల ఎండి ఎర్తింగ్ పట్టు తగ్గుతుంది, కంచె సరిగా ఝాడించదు. మనం ఎర్తు గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పోస్తాం కదా, అక్కడా అంతే. అక్కడ వానలు లేని కాలమే చలికాలం. జూన్, జులై, ఆగస్టు. ఇక్కడ శ్రావణమాసం ముసురు పట్టి ఇంట్లోంచి కదలనివ్వని రోజుల్లో, అక్కడ చలికాలం చివరికొచ్చి, గడ్డి ఎండి, ఎటు చూసినా పొగ. కార్చిచ్చు దాటకుండా కంచె పొడవునా గడ్డి కోసి బాట తీస్తారు. గడ్డి తీగకు తగిలితే పల్స్ కారిపోతుంది, అందుకు కూడా కోయాలి. నేను ఆదివారాలు వెళ్లి ఎర్తు రాడ్ల దగ్గర నీళ్లు పోయడం, జాయింట్లు బిగించడం చేసేవాణ్ని. కూలి తీసుకోలేదు. వాళ్లు పెట్టిన టీ తాగి, చూడనిచ్చినంత సేపు చూసేవాణ్ని.

ఆగస్టు పొద్దున ఏడింటికి అక్కడ స్వెటర్ లేకుండా నిలబడలేం. నది మీంచి మంచు లేచి చెట్ల మొదళ్ల దగ్గర తేలుతుంటుంది. చింపాంజీలు రాత్రి చెట్ల మీదే, కొమ్మలు వంచి ఆకులతో పక్క వేసుకుని పడుకుంటాయి. ఆ పక్కలు కింద నుంచి చూస్తే పెద్ద కాకిగూళ్లలా ఉంటాయి. చలిరోజుల్లో అవి తొందరగా లేవవు. చెట్టు చివర్లకు ఎండ తగిలాక ఒక్కొక్కటే దిగి వస్తాయి. ఆనుకోవడానికి చెద పుట్ట వాలు దొరికితే అక్కడ, లేదంటే గడ్డి కోసిన బాట అంచున, సూర్యుడికి ఎదురుగా చేతులు రొమ్ముకు కట్టుకుని కూర్చుంటాయి. కాసేపటికి ఒక చెయ్యి చాపి అరచేయి ఎండలో పెడతాయి. తల్లులైతే పిల్లను కడుపులోకి లాక్కుని, వీపు చలికీ ముఖం ఎండకీ పెడతాయి. ఒళ్లు వేడెక్కాక మొదలవుతుంది పేలు చూసుకోవడం. ఒకటి ఇంకొకదాని వెంట్రుకలు పాయలు పాయలుగా విడదీసి, పెదాలు ముందుకు చాపి, శ్రద్ధగా చూస్తుంది. మా అమ్మ అరుగు మీద కూర్చోబెట్టి మా అక్కకు దువ్వినట్టే ఉండేది నాకు.

పదకొండున్నర ప్రాంతంలో కాపలావాళ్లు కేక వేస్తే అడవిలో ఎక్కడున్నా వస్తాయి. ఇటుకలతో కట్టిన గదులున్నాయి, ఒంటిగంటన్నర దాకా అక్కడ ఉంటాయి. అన్నీ వచ్చాయో లేదో లెక్క చూస్తారు, దెబ్బలేమైనా ఉంటే చూస్తారు. పండ్లు, కూరలు ఇస్తారు. దాంతో పాటు మక్కపిండి ఉడికించి ముద్దలు చేసి ఇస్తారు. న్షీమా అంటారు వాళ్లు. అచ్చం మన మక్క గట్క. అక్కడి మనుషులు తినేది కూడా అదే. తర్వాత మళ్లీ అడవిలోకి వదిలేస్తారు. రోజులో రెండు గంటలే మనుషుల మధ్య, మిగతాదంతా చెట్ల మధ్య.

అక్కడ చూసినవాటిలో, విన్నవాటిలో రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, 2010లో జూలీ అనే ఆడ చింపాంజీ ఒక గడ్డిపోచ తీసి చెవిలో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. దురద లేదు, పురుగు లేదు, ఊరికే. మన ఆడవాళ్లు జడలో పువ్వు పెట్టుకున్నట్టు. దాన్ని చూసి దాని కొడుకు, తర్వాత ఆ గుంపులో ఇంకొన్ని, మొత్తం 12లో 8 అలా పెట్టుకోవడం నేర్చుకున్నాయి. పక్క గుంపుల్లో ఈ అలవాటు పట్టలేదు. జూలీ చనిపోయాక కూడా ఆ గుంపులో అది పోలేదు. పరిశోధకులు దీన్ని 2014లో అచ్చు వేశారు. నేను కంచె దగ్గర పని చేసుకుంటుంటే చెవిలో గడ్డిపోచతో ఒకటి వచ్చి, కాస్త దూరంలో కూర్చుని, నా స్క్రూడ్రైవర్ వైపే చూస్తూ ఉండిపోయింది. ఎవరో ఇంటికి వచ్చినప్పుడు పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తారే, అలా.

రెండోది, థామస్ అనే తొమ్మిదేళ్ల మగపిల్ల 2011లో జబ్బు చేసి చనిపోయాడు. కన్నతల్లి అంతకుముందే పోతే నోయెల్ అనే ఆడది వాణ్ని చేరదీసింది. శవాన్ని చుట్టూ అందరూ వచ్చి చూసి, ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. నోయెల్ వెళ్లలేదు. పక్కన కూర్చుని, నోరు తెరిచి, గడ్డిపుల్లతో ఆ పిల్లవాడి పళ్లు శుభ్రం చేసింది. దాని కూతురు పక్కనే కూర్చుని చూసింది. కాపలావాళ్లు తిండి చూపించి పిలిచినా రాలేదు. ఇదంతా వీడియోలో ఉంది, 2017లో ఆ వివరాలు ప్రచురించారు. మన ఇళ్లల్లో పోయినవాళ్లకు స్నానం చేయించి బొట్టు పెడతాం. ఆ సంగతి విన్న రోజు నేను గదికి వచ్చి అన్నం తినలేకపోయాను.

ఇక గొలుసు సంగతికి వస్తాను. అక్కడ ఒక ముసలి ఆడ చింపాంజీ ఉండేది. పసితనం నుంచీ ఎవరిదో తాగుడు దుకాణం ముందు మెడకు గొలుసు కట్టి ఉంచారట, వచ్చినవాళ్లు చూసి నవ్వుకోవడానికి. మెడ చుట్టూ వెంట్రుకలు మొలవని గీత ఉండేది. అడవిలో ఎన్నో ఏళ్లుగా ఉంది, కాపలావాళ్లంటే ప్రాణం, తోటివాటితో కలిసే ఉంటుంది. కానీ ఎప్పుడైనా అలజడి పుడితే, కొత్త బండి వచ్చి ఆగినా, దూరంగా గొడవ వినిపించినా, లేచి నడవడం మొదలుపెట్టేది. అటు నాలుగడుగులు, మళ్లీ తిరిగి ఇటు నాలుగడుగులు. ముందు 190 ఎకరాల అడవి ఉంది. అయినా నాలుగో అడుగు దగ్గర ఆగిపోయి, మెడ విదిలించి, వెనక్కి తిరిగేది. నాతో వచ్చిన స్నేహితుడు నేల మీద పుల్లతో గీత గీసి చూపించాడు, గొలుసు ఇంత పొడవు ఉండి ఉంటుందని. చింపాంజీలు 50, 60 ఏళ్లు బతుకుతాయి. మిగిలిన ఏళ్లన్నీ అది ఆ గీత దాటలేదు.

మా గుడి వెనక కొండెంగ కూడా నాలుగడుగులు వేసి తిరగడం మొదలుపెట్టింది. మొన్న గురువారం చూశాను. అందుకే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

దాన్ని ఎవరూ కావాలని హింస పెట్టడం లేదు. మా ఆడపడుచులు దాని నుదుట కుంకుమ పెడుతున్నారు. శనివారం అరటిపండ్లు, బిస్కెట్లు, చపాతీలు తెచ్చి పెడుతున్నారు. కానీ కొండముచ్చు ఆకులు తినే జంతువు. దాని కడుపులో ఆవు కడుపులోలాగే గదులు ఉంటాయి, అందులో ఆకు మెల్లగా పులిసి అరుగుతుంది. తీపి, పిండి ఎక్కువైతే ఆ కడుపు పుల్లబడి జబ్బు చేస్తుంది. ఇప్పటికే దానికి విరేచనాలు పట్టాయి. వేపాకో రావి చిగురో పెడదామంటే ఎవరికీ తోచడం లేదు, గుడి ముందే రావిచెట్టు ఉన్నా.

పైగా కోతులు పోయాయా అంటే అదీ లేదు. మొదటి పది రోజులు గుడి చుట్టుపక్కల కనిపించలేదు. ఈ కొండెంగ గొలుసు దాటి రాలేదని వాటికి తెలిసిపోయింది. ఇప్పుడు దాని కళ్ల ముందే పక్క మేడ మీద కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్నాయి. అవి ఎందుకు వస్తున్నాయో మా అందరికీ తెలుసు. కూరగాయల బజారు చెత్త రెండు రోజులు కుప్పగా పడి ఉంటుంది. రాజురా వంతెన మీద బండ్లు ఆపి పల్లీలు, బ్రెడ్డు వేస్తారు. చెత్త ఏ రోజుకారోజు ఎత్తించి, వంతెన మీద తిండి వేయడం మాన్పించి, ట్యాంకు మూతలకు తాళం పెడితే సగం తగ్గుతాయి. మా మేడ మీద నేను చేసి చూశాను, ట్యాంకు జోలికి రావడం లేదు.

కొండముచ్చును పట్టడం, కట్టేసి ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కోతిని, ఎలుగుబంటిని ఆడించి డబ్బులు అడుక్కోవడం కూడా 1998లోనే కేంద్రం నిషేధించింది. అయితే కేసు పెట్టించాలని నాకు లేదు. కొండెంగను తెచ్చినతను పేదవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. మేం ఇచ్చే డబ్బు మీదే ఇల్లు గడుస్తోంది. ఢిల్లీలో ఏం చేశారో మన వెంకయ్యనాయుడు గారు పట్టణాభివృద్ధి మంత్రిగా 2014లో రాజ్యసభలో చెప్పారు. కొండముచ్చులను కట్టేయడం మానేసి, వాటిలా అరిచి కోతులను తరిమే 40 మంది యువకులను పెట్టుకున్నారట. మా కొండెంగను తెచ్చినతనికి ఆ అరుపు బాగా వచ్చు, నేను స్వయంగా విన్నాను. అదే 100 రూపాయలు ఇంటింటా ఇద్దాం, కర్ర పట్టుకుని పొద్దున, సాయంత్రం గల్లీలు తిరగమందాం. అతని జీతం పోదు, కొండెంగ మెడ నుంచి గొలుసు పోతుంది.

దాన్ని ఎక్కడికి పంపాలంటే దూరం పోనక్కర్లేదు. చంద్రపూర్‌లోనే అటవీశాఖ వారి వన్యప్రాణుల చికిత్స కేంద్రం ఉంది. 1926 నంబరుకు ఫోన్ చేస్తే అటవీశాఖకు కబురు అందుతుంది. పక్క గడ్చిరోలి జిల్లా భామ్రాగఢ్ తాలూకాలో హేమల్‌కసా ఉంది. 1973లో అక్కడ పనికి దిగిన డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే దంపతులకు 2008లో మెగసెసే పురస్కారం వచ్చింది. వాళ్ల జంతువుల ఆశ్రమం కూడా ఒక కోతిపిల్లతోనే మొదలైంది. వేటగాళ్లు చచ్చిన తల్లికోతిని మోసుకుపోతుంటే, పిల్ల ఇంకా ఆ రొమ్ము పట్టుకునే ఉందట. అడిగి తీసుకుని పెంచారు. మన పక్క అడవిలో ఈ పని జరుగుతుండగా, మన గుడి వెనక మేకు పాతి ఉండటం నాకు సహించడం లేదు.

కాలనీ పెద్దలకు పోయిన ఆదివారం ఈ మాటలన్నీ చెప్పాను. శివరాత్రి జాగారం అయ్యాక ఆలోచిద్దామన్నారు. వాళ్లంతా నా వాళ్లే, చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్లే. వాళ్ల మాట మీద ఆగుతాను. పండగ వెళ్లిన మర్నాడు నేనే 1926కు ఫోన్ చేస్తానని వాళ్ల ఎదుటే చెప్పాను, ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఈలోగా ఒక చిన్న పని చేశాను. నిన్న పొద్దున ఆ కొండెంగను తెచ్చినతన్ని పిలిచి, ఇద్దరం కలిసి మేకు పెరికి, గోడ మూల దాటి రావిచెట్టు వైపు పాతాం. మేకు దిగేదాకా అది గోడ కింద ముడుచుకుని మమ్మల్నే చూసింది. తర్వాత మెల్లగా వచ్చి, ఎండలో కూర్చుని, రెండు చేతులూ చాపింది.

ఇట్లు,
విశ్రాంత ఎలక్ట్రీషియన్,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర